పక్కనున్నవాడు

బస్రాలో వర్తకుడు షద్దాద్ ఇంట్లో విందు. తెల్లవారితే అతని ఓడెక్కబోతున్న హమ్మాద్, అతని సముద్రయానాల కథలు ఆత్రంగా వింటున్నాడు.

"ఆ దీవిలో అంత పెద్ద పక్షి మీదికొస్తే ఎలా తప్పించుకున్నారన్నా?"

"పక్కనున్న చుక్కానివాణ్ణి ముందుకు తోసేశా. వాణ్ణి తన్నుకుపోయింది!" షద్దాద్ వేళ్లకంటిన కొవ్వు నాకాడు. "పాపం, మంచోడే. నాకు జ్వరమొస్తే తన వాటా నీళ్లు కూడా నాకే పోశాడు."

అతిథులు పగలబడి నవ్వారు.

"అతని పేరేంటి?"

"ఎవడికి గుర్తుందిరా!" జిడ్డుచేయి హమ్మాద్ భుజమ్మీద పడింది. "రేపట్నుంచి నువ్వు నా పక్కనే ఉండాలి, తమ్ముడూ."

హమ్మాద్ నోట్లోని మాంసం ముద్ద పళ్లెంలోకి ఉమ్మేశాడు. భుజమ్మీది చేతిని పురుగును దులిపినట్టు దులిపి లేచాడు.

"నీ ఓడ నేనెక్కను. నీకంటే ఆ పక్షే నయం, దానికి ఆకలేసింది."