కింద గీత లేని సున్నా

పెద్దమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన ఉదయం శశికళ ఏడవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని ఒక్కటే అడిగింది.

"ఆవిడ జబ్బు మన బిడ్డకి వస్తుందా?"

ఆమెకు ఆరో నెల. భర్త పెద్దమ్మ ముప్పై మూడేళ్ళుగా మెంటల్ హాస్పిటల్లో ఉందని ఆ టెలిగ్రాం చూసేదాకా ఆమెకు తెలియదు.

దామోదర్ మానసిక వైద్యుడు. నార్త్ కరొలినాలో ఒక యూనివర్సిటీలో నాలుగేళ్ళుగా అతని పరిశోధన ఒకటే. మనసు జబ్బు పెంపకంలో వస్తుందా, రక్తంలో వస్తుందా? పురిట్లోనే కన్నతల్లికి దూరమై వేరే ఇంట్లో పెరిగిన పిల్లల్ని వెతికి, వాళ్ళ వంశాల పటాలు గీస్తాడు. ఆ పటాలు రక్తం వైపే చూపిస్తున్నాయి.

"ఊళ్ళో వాళ్ళందరి వంశాలూ తవ్వుతారు. సొంతింటి సంగతి మాత్రం నాకు టెలిగ్రాం చెప్పాలి."

"భయపడతావని చెప్పలేదు."

"ఇప్పుడు భయపడటం లేదనుకున్నారా?"

అతను కాగితం, పెన్సిల్ తెచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. మగవాళ్ళకి గడి, ఆడవాళ్ళకి సున్నా. జబ్బున్న వాళ్ళకి నలుపు. పెద్దమ్మ సున్నాను నల్లగా దిద్దాడు. పక్కన ఆవిడ చెల్లెలైన అమ్మది తెల్ల సున్నా. దాని నుంచి తన గడికి ఒక గీత, తన నుంచి పుట్టబోయే బిడ్డకి మరొకటి.

"చూడు, నల్ల సున్నా నుంచి నా దాకా గీత లేదు. పెద్దమ్మ అంటే దూరం. అంత రిస్క్ లేదు."

"అదే అమ్మ అయితే?"

"అప్పుడు నాకు నూటికి పది. బిడ్డ లెక్కా మారిపోతుంది. కానీ మా అమ్మ రాయిలా ఉందిగా!"

"పెద్దమ్మగారికి పిల్లల్లేరా?"

"లేరు. అందుకే కింద గీత లేదు."

శశికళ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. "మీరెప్పుడైనా చూశారా ఆవిడని?"

"ఏడాదికోసారి అమ్మ తీసుకెళ్ళేది. పెద్దమ్మ నా చేతివేళ్ళు లెక్కపెట్టేది. పదీ ఉన్నాయని నవ్వేది."

"అయ్యో పాపం," అంది శశికళ. అప్పుడు ఆమె కళ్ళు తడిశాయి.

మర్నాడు పొద్దున అతను గడ్డం గీసుకోబోతుంటే, ఇండియాకి బుక్ చేసిన కాల్ కలిసింది. చెంపల మీద నురగతోనే వచ్చి ఫోనందుకున్నాడు.

"స్నానం చేశావా నాన్నా?" అంది అమ్మ.

"చేస్తానమ్మా. గడ్డం గీసుకుని..."

"వద్దు! గడ్డం తియ్యకు."

"పెద్దమ్మకి మూడు రోజులేగా మైల? ఇవాళ డిపార్ట్‌మెంట్‌లో మీటింగుంది."

లైనులో హోరు. తెగిపోయిందేమో అనుకున్నాడు.

"మూడు కాదు నాన్నా. పది రోజులు పట్టు. ముప్పై మూడేళ్ళు దానికి ఏదీ దక్కనివ్వలేదు. ఇదొక్కటైనా దక్కనీ."

ఫోను పెట్టేసింది.

"అత్తయ్యగారు ఏమన్నారు?" వంటింట్లోంచి శశికళ అడిగింది.

"పది రోజులు గడ్డం తియ్యొద్దంది."

"పది రోజులా? పెద్దమ్మకా?" ఆమె నవ్వుతూ ఇవతలికి వచ్చింది. "అది కన్నతల్లికి కదండీ..."

అతని మొహం చూసి ఆగిపోయింది. చెంపల మీద నురగ ఎండిపోతోంది.

టేబుల్ మీద పటం నిన్నటిలాగే ఉంది, పక్కన పెన్సిలూ ఉంది. నల్ల సున్నా నుంచి అతని గడికి గీత గీయడం ఒక్కటే మిగిలింది.