అత్తగారి జవాబు

"జబ్బులేమైనా ఉన్నాయా? బీపీ, షుగరు, కామెర్లు..."

నర్సు మాట పూర్తవనే లేదు. "మా కోడలికి జబ్బులేంటమ్మా! గుండ్రాయిలా ఉంటుంది. ముందు నొప్పుల సంగతి చూడండి" అంది అత్తగారు.

కోడలు నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. ఆ ఇంట్లో కోడలిని ఏమడిగినా జవాబు అత్తగారి నోటినుంచే వస్తుంది.

కడుపుతో ఉన్న కొత్తలో చూసిన డాక్టరమ్మ ఆమె ఒక్కదానికే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "నీ రక్తంలో హెపటైటిస్ బి ఉంది. కాలేయాన్ని పట్టి ఉండే జబ్బు, కాపురంలోనూ అంటుకుంటుంది. నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. ఎక్కడ పురుడు పోసుకున్నా ముందు ఈ మాట చెప్పు. పుట్టిన కొన్ని గంటల్లోపే బిడ్డకి సూదులు పడాలి. లేకపోతే ఆ బిడ్డా జన్మంతా మోయాల్సి రావచ్చు."

చెబితే? ఎవడి దగ్గర తగిలించుకొచ్చావే అంటారు. ఆ తర్వాత ఆ గడప తొక్కనిస్తారా?

ఏడో నెలకే మగబిడ్డ పుట్టాడు, పిడికెడంత. పక్క గదిలో గాజుపెట్టెలో పెట్టారు. అత్తగారు కోడలి మంచం పక్కనుంచి కదిలితే ఒట్టు. పొద్దు వాలింది, మళ్లీ తెల్లారింది. గంట గడిచినకొద్దీ కోడలి ప్రాణం కొంచెం కొంచెంగా పోతోంది. బిడ్డని చంపుతున్నది తనే అనిపించింది.

నర్సు గిన్నె తెచ్చింది. "పాలు పిండి ఇవ్వమ్మా, బాబుకి పడతాం."

"నా పాలు వాడికి పట్టొచ్చా సిస్టర్?"

"అదేం ప్రశ్న? తల్లిపాలు పట్టక..."

ఇక ఆగలేకపోయింది. అత్తగారి ముందే అంతా కక్కేసింది.

నర్సు చేతిలోని గిన్నె మంచం మీద పడేసింది. "పాల సంగతి కాదమ్మా! నిన్న పొద్దున పుట్టినవాడి గురించి ఇప్పుడా చెప్పేది? నీకేమైనా మతి ఉందా?" అంటూ డాక్టరు గదివైపు పరుగెత్తింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కోడలు అత్తగారి చేతులు పట్టుకుంది.

"నన్ను కొట్టండి, తిట్టండి. కానీ మీ అబ్బాయి తప్ప నేను ఎవర్నీ ఎరగను అత్తయ్యా. ఈ పాడు జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఒట్టు, నాకు తెలీదు."

అత్తగారు కొట్టలేదు, తిట్టలేదు. గాజుపెట్టె ఉన్న గదివైపు చూస్తూ అంది.

"నాకు తెలుసమ్మా. మీ ఆయన పుట్టినప్పుడు నేనూ ఇలాగే నోరు మూసుకున్నాను."