మిగిలిన రోజులు

"పంతొమ్మిది రోజులే అంట! మనిషి పానానికి తారీఖు రాసిస్తరా మీరు?"

శాలిబండలోని ధర్మాసుపత్రి కౌంటర్ మీద ప్రేమ్‌రాజ్ చీటీ విసిరికొట్టాడు. అక్కడి కంప్యూటర్ పని చూసే స్వరూప దాన్ని అందుకుంది. రోగి పేరు ఇస్సాకు. కింద అచ్చులో 'మిగిలిన రోజులు: 19' అని ఉంది.

"మీకేమైతడు బాపూ?"

"తమ్ముడు. కార్ఖానా పంపకం లొల్లిల మాటలు బందై ఆరేండ్లాయె. నిన్న వచ్చి ఈ చీటీ నా చేతుల పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండ పోయిండు."

"అది పానం లెక్క కాదు. ఇచ్చిన గుండె గోలీలు ఇంకెన్ని రోజులొస్తయో చెప్పే లెక్క."

"గిట్లనే దాస్తరు. నాకెరుకలేదా?" ఆయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లెక్కకు 'మిగిలిన రోజులు' అన్న పేరు పెట్టింది స్వరూపే. రాత్రంతా అదే గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే మార్చడానికి కూర్చుంది. చీటీ మీది మాటలు నేరుగా డేటాబేస్ కాలమ్ పేర్ల నుంచే పడతాయి. పేరు మారిస్తే చాలనుకుంది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఎవరో టైపు చేసే కాలమ్ కాదది, గోలీల సంఖ్యను బట్టి తనంతట తానే లెక్క కట్టుకునేది. అలాంటిదానికి పేరు మార్చడం కుదరదని ఎర్రక్షరాలు చూపించింది. పాతదాన్ని తీసేసి, కొత్త పేరుతో మళ్లీ కట్టాలి. తీసేయబోతే, చీటీలన్నీ దాని మీదే ఆధారపడ్డాయని ఇంకో అభ్యంతరం. చీటీలు ఆగిపోకుండా అందాకా పాత పేరు కింద ఉత్త సున్నా పెట్టి, కొత్తదాన్ని కట్టి పని ముగించింది. గంట పట్టింది.

"ఇందాక ఇస్సాకు వచ్చి బీపీ చూపించుకుని పోయిండక్కా," అంది కౌంటర్‌లోని మహేశ్వరి. "చీటీ ఇచ్చిన."

ఆ గంటలో తీసిన చీటీ అంటే, దాని మీద 'మిగిలిన రోజులు: 0' అని పడి ఉంటుంది. స్వరూప 'గోలీలు సరిపోయే రోజులు: 17' అని కొత్త చీటీ తీసి, వీధులు రెండు దాటి ఇస్సాకు ఇంటికి పరుగెత్తింది.

లోపల ప్రేమ్‌రాజ్ తమ్ముడి చేతులు పట్టుకుని ఏడుస్తున్నాడు. పక్కన సున్నా చీటీ.

"కార్ఖానా మొత్తం నువ్వే తీస్కోరా. నన్నిడిచి పోకు."

స్వరూప రొప్పుతూ కొత్త చీటీ చూపించి, తప్పంతా తనదేనని ఒప్పుకుంది. ప్రేమ్‌రాజ్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఏడుస్తూనే నవ్వాడు. తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకుని, "ఇయ్యాల అందరం కలిసి తినాలె, బిర్యానీ తెస్త," అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు.

"మాఫ్ చెయ్యండి బాపూ," అంది స్వరూప. "మస్తు భయపెట్టినం మిమ్మల్ని."

ఇస్సాకు గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"గోలీల లెక్కని నాకు మొదటి దినమే తెల్సు బిడ్డా."