మెడ వంచిన దీపం

గుడ్లు పగలగానే నూటపది తాబేలు పిల్లలు ఇసుకలోంచి పైకొచ్చాయి. ముందున్న చుక్కి, "వెలుగున్న వైపే సముద్రం, పదండి" అంటూ పరుగు తీసింది.

"అది సముద్రం కాదు, హోటల్ దీపం పిల్లా. అటు వెళితే తెల్లారేసరికి కాకుల పాలవుతారు" అన్నాడు పీత మామ.

"మా జాతికి తెలిసిన దారి ఇదొక్కటే మామా" అంది చుక్కి, ఆగకుండా.

పీత మామ గబగబా హోటల్ గోడెక్కి దీపాన్ని నిలదీశాడు. "ఆకాశంలో ఎవరున్నారని అటు వెలుగుతున్నావు? నీ కిందే మెట్లు కనబడక జనం జారిపడుతున్నారు."

దీపం కిందికి చూసింది. నిజమే. సిగ్గుపడి మెట్ల వైపు మెడ వంచింది.

ఇసుక మీద చీకటి పరుచుకుంది. చుక్కి తడబడి ఆగి, వెనక్కి తిరిగింది. అలల మీద సన్నని మెరుపు కనబడింది.

"అదిగో, అటు!"

నూటపది పిల్లలూ ఒక్క ఊపున మళ్లాయి. ఎదురొచ్చిన అల చుక్కిని ఎత్తుకుంది.