అనుమతి లేదు

"మా ఆయన్ని గుద్ది వెళ్లిపోయిన బండి ఇందులో ఉంది. ఎలాగైనా తెరిచి పెట్టండి."

ఆమె బల్ల మీద పెట్టిన హార్డ్‌డిస్క్ అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. కంప్యూటర్ మెకానిక్ నుదుటి మీది కళ్లజోడు కిందికి లాక్కుని దాన్ని తిప్పి చూశాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా గేటు కెమెరాది. తెల్లారుతుండగా చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లారు. నేను వెళ్లి చూసేసరికి రోడ్డు మీద పడున్నారు. కాస్త ముందు తీసుకొచ్చుంటే బతికేవారన్నారు డాక్టర్లు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు అది.

అలవాటైన ప్రశ్నే అడిగాడు మెకానిక్. "నకలు ఎక్కడైనా పెట్టుకున్నారా?"

ఆమె అతని తల వెనకాల గోడకేసి చూసింది. 'దేనికైనా రెండో చోట ఒక నకలు ఉంచుకోండి' అని పెద్దక్షరాల బోర్డు ఉందక్కడ.

"అందరూ పెట్టుకుంటారంటారా?"

"పోగొట్టుకున్నాక పెట్టుకుంటారు తల్లీ. ఆ బోర్డు రాయించి ఏళ్లయింది, నేను తప్ప చదివినవాళ్లు లేరు."

డిస్క్‌కి కేబుల్ తగిలించాడు. లోపల పళ్లెం సాఫీగా తిరుగుతోంది. టకటకమనే చావు చప్పుడు లేదు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టింది కూడా. తెరవబోతే మాత్రం, అనుమతి లేదంది. కేబుల్ మార్చాడు. వేరే కంప్యూటర్‌కి పెట్టాడు. రెండూ ఒకటే మాట మీదున్నాయి.

ఇంతలో ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య దాన్ని ఇరికించుకున్నాడు. "లేదండీ, మీరే తెచ్చివ్వాలి. వ్యాను షెడ్డులో ఉంది. మా అమ్మాయి పార్కింగులో స్తంభాన్ని పలకరించి వచ్చింది, లైటు పోయింది. ఆ... స్తంభం క్షేమమే!"

నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తొచ్చి, నవ్వు దిగమింగాడు.

ఆమె తెర వైపు చూడటం లేదు. అతని ముఖంలోకే చూస్తోంది.

"డిస్క్‌కి ఏ రోగమూ లేదమ్మా," అన్నాడు. "దీన్ని ఎవరెవరు తెరవొచ్చో లోపల పేర్లుంటాయి. అవన్నీ ఎవరో తీసేశారు. ఇది దానంతటది వచ్చే జబ్బు కాదు, చేత్తో చేసింది. నా దగ్గరికి వచ్చే ముందు ఇంకెవరికైనా చూపించారా?"

"మాకు తెలిసినాయన ఒకాయన చూశాడు."

"అదీ సంగతి! సగం తెలిసినవాడి చేతిలో పడిందన్నమాట." తన పేరు చేర్చి, తలుపు తీసినంత తేలిగ్గా డిస్క్ తెరిచాడు. ఆమెను తేదీ అడిగి, వెతికి వీడియో ఆడించాడు.

గేటు. బూడిదరంగు వెలుతురు. చెత్తబుట్టతో ఒక మనిషి. మలుపులోంచి ఒక వ్యాను ఊడిపడింది, మనిషి ఎగిరిపడ్డాడు. వ్యాను ఆగింది. దాని పక్క రేకు మీది ఎర్రటి అక్షరాలు, తన షాపు పేరు, మెకానిక్ తన చేత్తో రాసుకున్నవి.

డ్రైవర్ తలుపు తెరుచుకుంది. ఒకమ్మాయి దిగి, కిందపడ్డ మనిషి దాకా వచ్చింది. వంగి చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుని, వెనక్కి పరిగెత్తింది. ఆ పరుగు అతనికి తెలుసు. తప్పటడుగుల నాటి నుంచీ తెలుసు.

కిందపడ్డ మనిషి చెయ్యి ఇంకా కదులుతూనే ఉంది.

"నాన్నా, మంచినీళ్లు." కూతురు లోపలి గదిలోంచి గ్లాసుతో వచ్చింది. నాలుగు మాటలు కలిపి మాట్లాడితే గొప్పగా ఉంది ఈమధ్య. బండి తాళాలు ముట్టుకోవటం లేదు. అన్నం సహించటం లేదు. వానాకాలపు జ్వరమేమో అనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

"లోపలికి వెళ్లమ్మా," అన్నాడు.

"ఏమైనా కనిపించిందా అండీ?" అడిగింది ఆమె.

తెర అతని వైపుంది. ఆమెకు దాని వీపే కనిపిస్తోంది. అతను మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆ తేదీని చెరిపేశాడు. అది చాలదనిపించింది. మొత్తం డిస్క్‌నే తుడిచేశాడు. ఎంతోమంది కన్నీళ్లను తుడిచిన చేతులు ఆ పని చేయటానికి అట్టే సమయం తీసుకోలేదు.

"పోయిందమ్మా," అన్నాడు తలెత్తకుండా. "తెరుచుకుందిగానీ లోపల ఏమీ మిగల్లేదు. ఆ చూసినాయన ఎవరోగానీ పాడుచేసి పెట్టాడు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"ఇంకొక్కసారి చూడండి. మీకూ పిల్లలున్నారు కదా, ఆలోచించి చెప్పండి."

"చూడటానికి ఏముందని తల్లీ? నన్ను నమ్మండి."

ఆమె తల ఊపింది. డిస్క్ అడగలేదు. లేచి గుమ్మం దాకా వెళ్లి, తలుపు పట్టుకుని ఆగింది.

"ఆ పేర్లు తీయించింది నేనేనండీ. దాన్ని మీ చేత్తో తెరిచి, మీ బండిని మీరే చూడాలని. 'ఇది మా బండేనమ్మా' అని మీ నోటితో మీరే అంటారేమోనని. అంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు."

మెకానిక్ అప్పుడు తలెత్తి చూశాడు.

ఆమె మరోసారి గోడ మీది బోర్డు చూసి, సంచిలోంచి ఫోన్ తీసింది.

"నకలు మా తమ్ముడి దగ్గరుంది. పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుని, లోపలికి వెళ్లమంటానా ఇంటికి రమ్మంటానా అని పొద్దుట్నుంచీ నా ఫోన్ కోసం చూస్తున్నాడు."