తొమ్మిదేండ్ల ఒట్టు

గుత్తివంకాయ గిన్నె దగ్గర పుల్లన్న మెడ నా చేతికి దొరికింది. వెనక నుంచి పట్టి, వాడి ముఖాన్ని ఆవిరి మీదకు వంచాను. వాడి ప్లేటు కింద పడి పగిలింది. నా రెండో చేయి నడుములోని బాకు మీద ఉంది. కడపలో అదొక శాకాహార బఫే హోటలు. తింటున్నవాళ్లంతా గోడలకు అతుక్కుపోయారు.

"నేనెవరో గుర్తుండాదా?"

"ఓబుళేశన్నవు. నీ గొంతు యాడ మర్చిపోతా?"

"నా తమ్మున్ని నరికి, జైలు కూడు తినొచ్చి, ఈడ పప్పన్నం తింటాండావా? మటన్ హోటళ్లన్నీ మూతపడినాయా?"

"మరి నువ్వేల ఈడికొచ్చినావన్నా?"

"నిన్ను చంపేదాకా మాంసం ముట్టనని తమ్ముని శవం మీద ఒట్టేసినా. తొమ్మిదేండ్లాయ. ఈ పొద్దు నీ పని అయిపోతానే ఇంటికి పోయి ఏటపోతును కోయిస్తా."

వాడి చెంప ఎర్రగా పొంగింది. అయినా గింజుకోలేదు.

"నేను ఒట్టేమీ ఏసుకోలేదన్నా. ఆ పొద్దు నరికి ఇంటికి పోతే మాయమ్మ చియ్యలకూర పెట్టింది. ముద్ద నోట్లో పెడితే నీ తమ్ముని నెత్తురు వాసనొచ్చింది. అప్పట్నుంచి మాంసం గొంతు దిగడంల్యా. కానీయ్. నువ్వన్నా తిను."

బాకు సగం దూశాను. ఇంటికి పోయి నేను తినబోయే కూర ఏ వాసన వేస్తుందో వాడు ముందే చెప్పేశాడు.

నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ వాడిని కింద పడేసి తన్నాను. అంతకు మించి నా చేత కాలేదు.