లేసో ముడి

“ఆ పట్టీ ఇంకోసారి లాగి చూడు,” అంది రిజికి.

కొడుకు నసోరో లాగి చూపించాడు. “పొద్దుటి నుంచి ఇదే పనమ్మా. ఇంకా లాగితే ఊడొస్తుంది.”

“ఊడొస్తుందా?” ఆమె వాడి చేతిని పట్టీ మీంచి తోసేసింది.

“వాడు నవ్వులాటకన్నాడు,” అన్నాడు కిలొంజో మాస్టారు. డియాని సముద్రతీరంలో విమానంలోంచి దూకడం నేర్పే బడి ఆయనదే. “నసోరో అమ్మా, మొదటిసారి దూకేవాళ్ళను మేం ఒంటరిగా వదలం. నేర్పేవాడు వెనకాలే కట్టుకుని ఉంటాడు. ఇద్దరికీ కలిపి ఒకటే పారాచూట్.”

“అది తెరుచుకోకపోతే?”

“రెండోది ఉంది.”

“దాన్ని లాగడం మరిచిపోతే?”

“మరీ కిందికొచ్చేస్తే దానంతటదే తెరుచుకుంటుంది. లోపల యంత్రముంది.”

“దానికి ఇవాళే జబ్బు చేస్తే?”

“మీలాంటివాళ్ళు ఇంకో ఇద్దరొస్తే నేను బడి మూసుకుని చేపలు పట్టుకోవాలి,” అన్నాడు కిలొంజో. “నసోరో, గాల్లో ఒళ్ళెలా ఉంచాలో చూపించు.”

నసోరో నేల మీద బోర్లా పడుకుని, తల ఎత్తి, కాళ్ళు వెనక్కి మడిచి అరటిపండులా వంగాడు.

“అదీ. చేతులు గుండెల మీద. భుజం తట్టాకే చాచాలి. దిగేటప్పుడు కాళ్ళు పైకి. మరిచిపోతే చీలమండ విరుగుతుంది.”

“కాళ్ళు పైకి, కాళ్ళు పైకి,” అని గొణుక్కుంది రిజికి.

చిన్నప్పుడు వాణ్ణి కొబ్బరిచెట్టు ఎక్కనివ్వలేదు. సముద్రంలో మోకాలి లోతు దాటనివ్వలేదు. అలాంటివాడు పోయి పోయి ఆకాశాన్ని పట్టుకున్నాడు. ఈ తేదీ ఖాయమైనప్పటి నుంచి ఆమెకు తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే విచ్చుకోని గుడ్డే కనిపిస్తోంది.

“పరీక్ష నా ముందే నెగ్గాడు. మొదటిరోజన్నది ఎవరికైనా ఉండేదే కదా,” అన్నాడు కిలొంజో. “అంత భయమైతే ముందు వేరేవాళ్ళను పంపుదాం. బయట ఒక కాలేజీ పిల్ల కూర్చునుంది.”

“ఆ పిల్లకు మాత్రం తల్లి లేదా మాస్టారూ?”



“వద్దనుకుంటే విమానం తలుపు దగ్గరైనా వద్దనొచ్చు,” అన్నాడు కిలొంజో. “ఇక్కడెవరూ నవ్వరు.”

నసోరో తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

విమానం లేచింది. రిజికి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ మోతలో ఆమెకు లికోని రేవు గుర్తొచ్చింది. పాలు తాగే నసోరోను వీపున కట్టుకుని, బల్లకట్టు ఎక్కేముందు లేసో గుడ్డ ముడిని ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునేది. ఏనాడూ జారలేదు. అప్పుడు ముడి తన చేతిలో ఉండేది. ఇవాళ ముళ్ళన్నీ వాడివే.

మోత తగ్గింది. తలుపు తెరిచే వేళ అది. ‘వద్దు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. చేతులు గుండెల మీద పెట్టుకుంది.

ఇవాళే నేర్పేవాడైన కొడుకును వీపున కట్టుకుని దూకింది.